గోడ అవతలి సందేహం మాస్టారు

మా బడిలో సందేహం మాస్టారికి ఏమీ తెలియదు. ఏమీ అంటే ఏమీ తెలియదు. చేతికి గడియారం కట్టుకుని, ఆ చెయ్యే ముందుకు చాపి, "టైమెంతయింది నాయనా?" అని ఎదురొచ్చినవాణ్ణి అడుగుతారు. వాడు మాస్టారి గడియారంలోనే చూసి, "పదింపావు మాస్టారూ" అంటాడు. "ఓహో, అలాగా!" అని మాస్టారు నోరు తెరుస్తారు.

ఆ "ఓహో, అలాగా!" గురించి కాస్త చెప్పుకోవాలి. అది మామూలు మాట కాదు. మన నోట్లోంచి జవాబు రాగానే ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళిపోతుంది, కనుబొమలు దాన్ని వెతుక్కుంటూ పైకి పోతాయి, చేతిలో ఉన్న సుద్దముక్క గాల్లో ఆగిపోతుంది. చెప్పింది పదింపావయిందన్న ముక్కే అయినా, చెప్పినవాడికి తనేదో కొత్త గ్రహం కనిపెట్టానేమోనని అనుమానం వస్తుంది. ఆ రోజంతా వాడు కాస్త ఎత్తుగా నడుస్తాడు.

మా ఆఫీసు గుమాస్తా ఉన్నాడు. జీతం ఎప్పుడు పడుతుందని తప్ప ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. సందేహం మాస్టారు మాత్రం ప్రతి సెలవుకీ ఆయన బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, "సెలవు కాగితం ఎలా రాయాలి బాబూ?" అంటారు. తల నెరిసేదాకా ఈ బడిలోనే పనిచేసిన మనిషి! గుమాస్తా కుర్చీ వెనక్కి తోసి లేస్తాడు. "మీకెన్నిసార్లు చెప్పాలండీ! ముందు తేదీ. ఎక్కడ? కుడిపక్క. మళ్ళీ ఎడమపక్క వేశారా? వేస్తారు, నాకు తెలుసు!" అని కేకలేస్తాడు. ఆ కేకలేస్తున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత వెలుగుంటుందో, అంత వెలుగు జీతం రోజున కూడా నేను చూడలేదు.

నేను మాస్టారికి సరిగ్గా వ్యతిరేకం. నేను ఎవర్నీ ఏమీ అడిగేదాన్ని కాదు. అన్నీ ఫోన్నే అడిగేదాన్ని.

ఆ బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. మొదటి ఏడాది ప్రొబేషను. ఏడాది చివర్లో మా హెడ్మిస్ట్రెస్సు, పెద్ద మేడం, వచ్చి ఒక్క పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఇంటికి. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ ఇంటికే వెళ్ళారట. స్టాఫ్ రూములో ఆవిడ వదిలిపెట్టి వెళ్ళిన టీ కప్పు ఇంకా అలమరలో ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా అలమర తలుపు మూసేసేదాన్ని.

చేరిన సాయంత్రమే ఫోను తీసి, కొత్త టీచర్లకి సలహాలు కావాలని అడిగాను. అడక్కుండా ఉండవలసింది. ఆనకట్ట గేటు ఎత్తేసినట్టే సలహాలు వచ్చి పడ్డాయి. ఒకావిడ, "మొదటి మూడు నెలలూ తరగతిలో నవ్వకండి, నవ్వారో మీ పని అయిపోయినట్టే" అంది. దాని కిందే ఇంకొకాయన, "గుమ్మం దగ్గర నిలబడి ప్రతి పిల్లనీ ప్రతి పిల్లాణ్ణీ నవ్వుతూ పలకరించండి, లేకపోతే మీ పని అయిపోయినట్టే" అన్నాడు. ఇద్దరికీ లక్షలమంది అభిమానులు. ఇద్దరి మాటా కాదనలేక, మర్నాడు గుమ్మం దగ్గర సగం నవ్వు నవ్వుతూ నిలబడ్డాను. మా ఆరో తరగతిలో రేడియో అని ఒక పిల్ల ఉంది. నోరు మూతపడదని ఆ పేరు పెట్టారు. అది నా ముఖంలోకి పరీక్షగా చూసి, "పన్ను నొప్పా టీచర్?" అని అడిగింది.

టీచరు తలుపు దగ్గర నిలబడాలని ఒకరు చెప్పారు. కాదు, బోర్డు దగ్గరని మరొకరు. నేను తలుపుకీ బోర్డుకీ మధ్య పచార్లు చేస్తూ జీర్ణవ్యవస్థ చెప్పాను. పిల్లల తలలన్నీ నాతోపాటు అటూ ఇటూ తిరిగాయి. పాఠమయ్యాక మెడలు పట్టేశాయన్నారు తప్ప జీర్ణకోశం ఎక్కడుందో ఒక్కరూ చెప్పలేదు.

ఇంట్లో మా అమ్మ చూసి చూసి విసుగెత్తిపోయింది.

"కంచం ముందయినా ఆ ఫోను పక్కన పెట్టవే."

"ఇదొక్కటి చూసేస్తానమ్మా. పిల్లలు మాట వినకపోతే ఏం చెయ్యాలో చెప్తున్నాడు."

"నువ్వు నా మాట వినకపోతే నేనేం చెయ్యాలో కూడా చెప్పమను."

చూసినకొద్దీ భయం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. ఒక వీడియో చూస్తే నేను చెయ్యని పనులు పది తెలిసేవి. కొత్త టీచర్ల గుంపులు నాలుగింట్లో చేరాను. అక్కడ అందరి తరగతి గదులూ రంగురంగుల అట్టలతో, తోరణాలతో మెరిసిపోతుండేవి. అందరి పిల్లలూ కెమెరా వైపు చూసి నవ్వుతుండేవాళ్ళు. నా పిల్లలు కిటికీలోంచి బయటికి చూసి నవ్వుతుండేవాళ్ళు. తర్వాత చూద్దామని దాచిపెట్టుకున్న వీడియోలన్నీ చూడాలంటే నేను బడి మానెయ్యాలి. పెద్ద మేడం ఎలాగూ మాన్పిస్తారు కాబట్టి అప్పుడు చూడొచ్చులెమ్మని నా మీద నేనే జోకు వేసుకుని, ఆ జోకుకి నేనే బెదిరిపోయాను.

ఇలాంటి స్థితిలో ఉన్న నా తరగతి గదికి పక్క గది సందేహం మాస్టారిది. ఆయన సోషల్ చెబుతారు. రెండు గదులకీ మధ్య ఉన్నది గోడ అనడం గోడలకి అవమానం. చెక్క మీద సున్నం కొట్టి గోడ అని పేరు పెట్టారు.

ఒకరోజు కొత్త పద్ధతి ఒకటి ప్రయోగించాను. పిల్లలు అల్లరి చేస్తే అరవకూడదట. ఒక చెయ్యి పైకెత్తి మౌనంగా నిలబడాలట. ఒక్కొక్కరే మనల్ని చూసి సిగ్గుపడి నోరు మూసుకుంటారట. తరగతి పూర్తిగా సద్దుమణిగేదాకా చెయ్యి దించకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. ఎత్తాను. నన్ను చూసి రేడియో చెయ్యెత్తింది. దాన్ని చూసి తరగతంతా ఎత్తింది.

"నీళ్ళు తాగొస్తాను టీచర్!"

"ముందు నేను టీచర్! నేను ముందెత్తాను!"

"మీరెందుకెత్తారు టీచర్? మీకూ దాహమా?"

నా చెయ్యి తిమ్మిరెక్కింది. దించుదామంటే షరతు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సమయంలో తలుపు మెల్లిగా తెరుచుకుని, ముందు ఒక కళ్ళజోడు, దాని వెనకాల సందేహం మాస్టారు లోపలికి వచ్చారు.

"ఏమీ అనుకోకమ్మా. చిన్న సందేహం."

"చెప్పండి మాస్టారూ," అన్నాను చెయ్యి దించకుండానే.

"మొక్కలు తింటాయా?"

తరగతి గొల్లుమంది. "తింటాయి మాస్టారూ!" అని ముందు బెంచీలు, "తినవు మాస్టారూ!" అని వెనక బెంచీలు.

"తింటే నోరేదీ?" అన్నారు మాస్టారు దీనంగా. "మా ఇంట్లో కుండీలో ఒక మొక్కుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఒక్క ముద్దన్నా నోట్లో పెట్టుకోదే!"

ఇంక చూడండి. రేడియో లేచి నిలబడి, ఆకుల్లోనే వంట జరుగుతుందని, ఎండే పొయ్యి అని చెప్పింది. కిటికీ పక్కవాడు నీళ్ళు వేర్లలోంచి వస్తాయని అందించాడు. మధ్యలో ఎక్కడో నా చెయ్యి దిగిపోయింది. నేను బోర్డు మీద ఆకు బొమ్మ గీస్తున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. మాస్టారు గుమ్మంలోంచి, "ఓహో, అలాగా!" అని వెళ్ళిపోయారు.

ఆయన మీద కృతజ్ఞత కలిగిందనుకుంటారేమో. ఒళ్ళు మండిపోయింది. నా మౌన పద్ధతి కాసేపుంటే ఫలించేదే, మధ్యలో వచ్చి చెడగొట్టారనుకున్నాను.

అప్పట్నుంచీ అది మామూలైపోయింది. నా పాఠం ఎక్కడ తడబడితే అక్కడ తలుపు తెరుచుకునేది. "చిన్న సందేహం. అయస్కాంతానికి ఆకలేస్తుందా?" "చిన్న సందేహం. మన ఎముకలు రాత్రిపూట మెత్తబడతాయా, లేకపోతే మంచం మీద ఎలా ముడుచుకుంటాం?" పిల్లలకి ఆయనంటే పండగ. ఇంత పెద్దాయనకి ఇంత చిన్న సంగతి తెలియదా అని జాలిపడిపోయి, ఒకరి మీద ఒకరు పడి చెప్పేవాళ్ళు. కొందరైతే మాస్టారు అడిగినప్పుడు చెప్పలేకపోతే బాగుండదని ముందే చదువుకుని వచ్చేవాళ్ళు.

నాకు మాత్రం ఇంకో అనుమానం మొదలైంది. ఒకసారి ఆయన పెద్ద మేడం గదిలోంచి బయటికి రావడం చూశాను. ఇంకోసారీ చూశాను. అంటే ఈయన వచ్చేది సందేహం తీర్చుకోవడానికి కాదు, నా తరగతి ఎలా ఉందో చూసిపోయి అక్కడ చెప్పడానికి! ఆ సాయంత్రం ఫోన్లో, తోటి టీచర్లు మీ మీద చాడీలు చెబుతుంటే ఏం చెయ్యాలని వెతికాను. నేరుగా మాట్లాడండని ఒకరు, అసలు మాట్లాడకండని ఒకరు చెప్పారు. అలవాటు ప్రకారం సగం మాట్లాడాను.

"మాస్టారూ, మీకు ఇన్ని సందేహాలొస్తాయి కదా. ఫోన్లో వెతికితే క్షణంలో తెలిసిపోతుందండీ."

"ఫోన్నడిగితే చెప్తుందా?"

"ఏదడిగినా చెప్తుందండీ."

"ఓహో, అలాగా! చెప్పినందుకు దానికి సంతోషమేస్తుందా అమ్మా?"

ఈయనకి కాస్త తేడాగా ఉందని ఖాయం చేసుకున్నాను.

ఏడాది చివరికొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం గుమాస్తా వచ్చి, "రేపు మూడో పీరియడ్లో పెద్ద మేడం మీ ఆరో తరగతికి వస్తారట," అని చెప్పి వెళ్ళాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పెద్ద మేడం సన్నగా, చిన్నగా ఉంటారు. గొంతు కూడా పెంచరు. కానీ ఆవిడ ఎర్ర ఇంకంటే బడి మొత్తానికి హడల్. మేం రాసిచ్చిన పాఠ పథకాల మీద ఆవిడ ఏమీ రాయరు, ఎర్రగా ఒక ప్రశ్నార్థకం పెట్టి పంపిస్తారు. దాన్ని ముందు పెట్టుకుని, తప్పెక్కడుందా అని రాత్రీ పగలూ చూసుకోవడం మా వంతు. మధ్యలో ఇంకు అయిపోయి ఎవరైనా తప్పించుకుపోతారేమోనని కాబోలు, పాఠం వినడానికి వెళ్ళేటప్పుడు ఇంకు సీసా కూడా వెంట తీసుకెళతారు.

పాఠం పేరు 'గాలిలో నీళ్ళు, వాన'. దీన్ని ఎలా చెప్పాలని ఫోన్నడిగాను. కథతో మొదలుపెట్టమంది. పాటతో మొదలుపెట్టమంది. ప్రయోగంతో మొదలుపెట్టమంది. ప్రయోగంతో మాత్రం మొదలుపెట్టొద్దని ఇంకోచోట బల్ల గుద్ది చెప్పింది. పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టమంది, గుండ్రంగా కూర్చోబెట్టమంది. మా బెంచీలు నేలకి బిగించి ఉంటాయని దానికెవరు చెబుతారు? పుస్తకంలో ఉన్న ఐసు గ్లాసు ప్రయోగంతో సహా అన్నీ తయారు చేసుకున్నాను. రంగు అట్టలు కత్తిరించాను. మేఘం బొమ్మకి కళ్ళూ ముక్కూ పెట్టాను. అమ్మ దాన్ని చూసి, "ఎవరే ఇది, మీ పెద్ద మేడమా?" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు.

అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటుంది. నేను తడబడతాను. తలుపు తెరుచుకుంటుంది. పెద్ద మేడం ఎదురుగా మాస్టారు వచ్చి, మేఘాలకి పెళ్ళిళ్ళవుతాయా అని అడుగుతారు. నా పని సరి. అందుకని ఆ సాయంత్రమే వరండాలో ఆయన్ని పట్టుకున్నాను.

"మాస్టారూ, రేపు మూడో పీరియడ్లో మాత్రం దయచేసి నా గదికి రాకండి."

"ఎందుకమ్మా?"

"పెద్ద మేడం పరిశీలనకి వస్తున్నారు."

"పరిశీలనంటే?"

"నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చేదండీ!" అన్నాను. "మీకు పుణ్యముంటుంది, రేపొక్కరోజు మీ సందేహాలు మీ దగ్గరే ఉంచుకోండి."

"ఓహో, అలాగా," అన్నారు. ఈసారి కళ్ళజోడు ముక్కు మీదే ఉండిపోయింది. నాకు మనసు చివుక్కుమంది. కానీ ఆయన మనసు గురించి ఆలోచించే తీరిక నాకెక్కడిది? ఇంటికెళ్ళి ఇంకో వీడియో చూడాలి.

మర్నాడు మూడో పీరియడ్. పెద్ద మేడం వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు. బెంచీ మీద ఒక పక్క కాగితాలు, ఒక పక్క ఇంకు సీసా. పిల్లలు ఊపిరి కూడా నెమ్మదిగా పీలుస్తున్నారు. నేను ఫ్లాస్కులోంచి ఐసు ముక్కలు తీసి, నీళ్ళున్న గాజు గ్లాసులో వేసి బల్ల మీద పెట్టాను. మేఘం బొమ్మ ఎత్తాను. దించాను. "ఒక ఊళ్ళో..." అన్నాను. కథ వద్దు, ప్రశ్నతో మొదలుపెట్టాలి కదా అనుకుని, "మీలో ఎంతమంది..." అన్నాను. ముందు జంటలుగా కూర్చోబెట్టాలి కదా అని గుర్తొచ్చింది. "అందరూ పక్కవాళ్ళ వైపు తిరగండి," అన్నాను. తిరిగారు. తిరిగినవాళ్ళు ఏం చెయ్యాలో నాకు గుర్తు రాలేదు.

అంతే. ఏడాదిపాటు పోగేసిందంతా ఒక్కసారి తలుపు దగ్గరికొచ్చి ఇరుక్కుంది. ఏదీ బయటికి రాదు. పిల్లలు జంటలు జంటలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వెనక బెంచీలో కలం మూత తీసిన చప్పుడు వినిపించింది.

అప్పుడు నేను చేసిన పని చెబితే నమ్మరు. తలుపు వైపు చూశాను. ఎవర్నయితే రావద్దని బతిమాలానో ఆయన వస్తే బాగుండునని చూశాను. తలుపు కదల్లేదు. పక్క గదిలో కూడా చడీచప్పుడూ లేదు.

"టీచర్."

ఎవరా అని చూశాను. వెనక బెంచీలో ఒక చెయ్యి పైకి లేచి ఉంది. దానికి ఎర్ర ఇంకు మరకలున్నాయి.

"నాకొక సందేహం, టీచర్," అన్నారు పెద్ద మేడం. "ఆ గ్లాసు బయటంతా నీళ్ళున్నాయి. గ్లాసు కారుతోందా?"

పిల్లలందరూ జంటలు వదిలేసి వెనక్కి తిరిగారు. పెద్ద మేడానికి కూడా తెలియదా! రేడియో ఆగలేకపోయింది.

"కారట్లేదు మేడం! అవి గాలిలో నీళ్ళు!"

"గాలిలో నీళ్ళుంటే మనందరం తడిసిపోవాలిగా?" అన్నారు మేడం.

"గ్లాసు కారుతోంది మేడం," అన్నాడు కిటికీ పక్కవాడు. "మా ఇంట్లో గ్లాసు కూడా ఇలాగే కారుతుంది."

"గాజు గ్లాసు ఎక్కడన్నా కారుతుందిట్రా?"

"కారకపోతే లోపలి నీళ్ళు బయటికెలా వచ్చాయే?"

తరగతి రెండు ముక్కలైంది. కారుతోందనేవాళ్ళు సగం, కారట్లేదనేవాళ్ళు సగం. వాళ్ళ గోల వింటుంటే నా తలలో ఇరుక్కున్నవన్నీ ఎటు పోయాయో పోయాయి. ఈ తగువు ఎలా తేల్చాలి అన్నదొక్కటే మిగిలింది. తేలే దారి కళ్ళ ముందే కనపడింది. గబగబా నడిచి వెనక బెంచీ దగ్గరికెళ్ళాను.

"మేడం, మీ ఇంకు సీసా ఒకసారి ఇస్తారా?"

తరగతంతా ఉలిక్కిపడింది. పెద్ద మేడం ఇంకు సీసాని ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ సీసా నా చేతికిచ్చారు. గ్లాసులో పోసి కలిపాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. గ్లాసు బయట శుభ్రంగా తుడిచేసి బల్ల మీద పెట్టాను.

"గ్లాసు కారేదైతే ఇప్పుడు బయటికొచ్చే చుక్కలు ఏ రంగులో ఉండాలి?"

"ఎరుపు!" అన్నారు రెండు పక్షాలూ.

అందరూ బల్ల చుట్టూ మూగారు. నేను వద్దనలేదు. గ్లాసు మీద మెల్లిగా మసక కమ్మింది. తర్వాత చిన్నచిన్న చుక్కలు. రేడియో చేత తెల్ల చేతిరుమాలుతో తుడిపించాను. రుమాలు తడిసింది. ఎర్రబడలేదు.

"తెల్లగానే ఉంది!" అని అరిచింది రేడియో. "గ్లాసులోవి కావు! గాలిలోంచే వచ్చాయి!"

కిటికీ పక్కవాడు రుమాలు లాక్కుని రెండు వైపులా చూశాడు. "అయితే మేఘాలు కూడా ఇంతేనా టీచర్? పైన చల్లగా ఉంటుంది కాబట్టి?" అన్నాడు. ఆ ప్రశ్న నేను అడగవలసింది. గంట కొట్టేదాకా వాళ్ళే అడిగారు, వాళ్ళే చెప్పారు, నేను మధ్యలో ఉన్నాను. కళ్ళూ ముక్కూ ఉన్న మేఘం బల్ల కింద పడి ఉంది.

తర్వాత పెద్ద మేడం గదిలో నిలబడ్డాను. ఆవిడ ఏదో రాసుకుంటున్నారు. భయంతో, ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ ప్రశ్న చాలా బాగుంది మేడం," అనేశాను.

"నాది కాదు," అన్నారు తలెత్తకుండా. "నిన్న సాయంత్రం మాస్టారొచ్చి ఇచ్చిపోయారు."

"మాస్టారా?"

"నువ్వు రావద్దన్నావటగా. 'సబబే. కానీ మధ్యలో అమ్మాయి గొంతు ఆగిపోతే ఎలాగమ్మా, నా బదులు మీరొక్క ప్రశ్న అడుగుతారా' అన్నారు. నేను పరిశీలించడానికి వెళుతున్నాను మాస్టారూ, సందేహాలడగడానికి కాదన్నాను. 'ఓహో, అలాగా! మరి మిమ్మల్ని పరిశీలించిన రోజున నేనెందుకొచ్చానంటారు?' అన్నారు." మేడం కలం కింద పెట్టారు. "నేనప్పుడు నీ వయసు. సరిగ్గా నీలాగే నిలబడిపోయాను. తలుపు తీసుకుని వచ్చి, భూమి ఎటువైపు తిరుగుతుందమ్మా అని అడిగారు."

"సోషల్ మాస్టారా మేడం?"

"ఆయనే. భూమి ఎటు తిరుగుతుందో పాపం ఆయనకి తెలియదని నేను చాలాకాలం నమ్మాను."

పెద్ద మేడం నవ్వగలరని ఆరోజే తెలిసింది. ఆ గోడ అవతల ఆయన చెవి ఎప్పుడూ నా గదిలోనే ఉంటుందట. నా గొంతు సన్నబడగానే తన పిల్లలకి మ్యాపులో నదులు గుర్తించమని చెప్పి లేచి వచ్చేవారట. ఈ ఏడాది ఆ తరగతి పిల్లలు ప్రపంచంలో ఉన్న నదులన్నీ గుర్తించేసి, ఇంకేం మిగల్లేదని మేడంతో చెప్పుకున్నారట. ఆయన మేడం గదికి వచ్చింది కూడా నా గురించే. ఆ అమ్మాయి బాగా చెబుతుంది, భయమొక్కటే అడ్డమని చెప్పడానికి.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ, "ఇంకో సంగతి. నువ్వివాళ చెప్పిన పాఠముంది చూడు, గాలిలో నీళ్ళు, వాన. మీ పుస్తకంలో ఆ ఒక్క పాఠం భూగోళం చెప్పేవాళ్ళ చేత రాయించారు. ఎవరనుకున్నావు?" అన్నారు.

"ఎవరు మేడం?"

"పక్క గదిలోంచి వచ్చి మొక్కలు తింటాయా అని అడిగేవాయన."

ప్రపంచంలో ఆ పాఠం గురించి ఎవరేమన్నారో అంతా చదివాను. రాసినాయన మాత్రం చెక్క గోడకి అవతల కూర్చున్నారు.

"మరి... నా ఉద్యోగం మేడం?"

"వచ్చే ఏడాది ఆరూ, ఏడూ నీవే. వెళ్ళు. సీసా కడిగి పెట్టు, ఇంకంతా గ్లాసులో పోసేశావు."

బడి వదిలేవేళకి వాన పట్టుకుంది. పిల్లలు తడుస్తూ పరిగెత్తారు. గొడుగు లేనివాళ్ళం వరండాలో నిలబడ్డాం, నేనూ, సందేహం మాస్టారూ. ఆయనకి ఏం చెప్పాలి? ఎన్నో మాటలు కూడగట్టుకుని, "మాస్టారూ," అన్నాను.

"వానేనా అమ్మా ఇది?" అన్నారాయన.

"వానేనండీ."

"ఎలా పడుతుందంటావు? మీ సైన్సువాళ్ళకి తెలుస్తుంది."

ఆయన వైపు చూశాను. కళ్ళలో అంత అమాయకత్వం పెట్టుకుని, ఏమీ ఎరగని పసివాడిలా నన్నే చూస్తున్నారు. మీరు రాసిన పాఠమే కదండీ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మొదలుపెట్టాను. ఎండకి నీళ్ళు ఆవిరవుతాయన్నాను. ఆ ఆవిరి పైకి పోతుందన్నాను. చేతులు తిప్పుతూ, వరండా అంతా తిరుగుతూ చెప్పాను. ఆయన ఊఁ కొడుతున్నారు.

"అలా పైకి పోయిన ఆవిరే మనకి మబ్బుగా కనిపిస్తుందన్నమాట."

"ఓహో! మరి చిన్న సందేహం. ఆవిరి కంటికి కనిపించదంటారే?"

"కనిపించదండీ."

"మరి మబ్బు కనిపిస్తోందే?"

ఆగిపోయాను. నిజమే. ఆయన తొందరపెట్టలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ వాన చూస్తున్నారు. నా చెయ్యి అలవాటుగా సంచీలోకి పోయింది, ఫోను తగిలింది, ఖాళీ చెయ్యి వెనక్కి తీశాను. పొద్దుటి గ్లాసు మీద కమ్మిన మసక గుర్తొచ్చింది.

"మబ్బంటే ఆవిరి కాదండీ! ఆవిరి పైన చల్లబడి మళ్ళీ నీళ్ళవుతుంది. సన్నసన్నని చుక్కలు. మనకి కనిపించేవి ఆ చుక్కలు!"

మాస్టారి కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళిపోయింది. కనుబొమలు దాని వెంట పడ్డాయి.

"ఓహో, అలాగా!"

ఆయన రాసిన పాఠం ఆయనకే చెప్పాను. అందులో నేను చేసిన తప్పు ఆయన నా చేతే దిద్దించారు. అంతా తెలిసి కూడా, నిజంగా ఆయనకి తెలియని సంగతేదో నేనే చెప్పానన్నంత గర్వంతో ఆ వానలోకి దిగి నడిచాను.